నూరేళ్ళ అల ఎవరి లెక్కలో ఉంది?

సముద్రంలో చమురు ప్లాట్‌ఫారం కట్టబోయే ఇంజినీరు ఇనుము సంగతి ఆలోచించకముందే ఒక ప్రశ్న వేసుకుంటాడు. ఈ చోట నూరేళ్ళకొకసారి రాగల అల ఎంత ఎత్తు ఉంటుంది? జవాబు తేలాక ఆ అల శిఖరానికి పైన ఇంకో మీటరున్నర ఖాళీ వదిలి, అప్పుడు డెక్కు వేస్తాడు. మనుషులు, యంత్రాలు, వంటిల్లు, పడక గదులు అన్నీ ఆ డెక్కు మీదే. కింద కాళ్ళు తప్ప ఏమీ ఉండవు. అలను అడ్డుకోవాలని ఎవరూ చూడరు, కాళ్ళ మధ్యనుంచి దాని దారిన దాన్ని పోనిస్తారు.

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. 1947లో అమెరికాలోని లూసియానా తీరం కనబడనంత దూరంలో మొదటి ప్లాట్‌ఫారం నిలబెట్టి చమురు తీసినప్పుడు అక్కడి నీటి లోతు ఆరు మీటర్లు. ఆ రోజుల్లో పాతికేళ్ళ తుపానుకు తట్టుకుంటే చాలనుకున్నారు. 1964లో హిల్డా, 1965లో బెట్సీ తుపాన్లు వచ్చి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఎన్నో కట్టడాలను పడగొట్టాయి. ఆ తర్వాతే లెక్క నూరేళ్ళకు పెరిగింది. చమురు రంగంలో మనిషి కనిపెట్టిన వాటి జాబితా చాలా పెద్దది. రాతిని నమిలే బిట్లు, నీళ్ళలో తేలుతూనే కదలకుండా నిలబడే ఓడలు, రెండు కిలోమీటర్ల లోతున సముద్రగర్భంలో తెరుచుకుని మూసుకునే వాల్వులు అందులో ఉన్నాయి. నన్నడిగితే వాటన్నిటికన్నా పెద్ద ఆవిష్కరణ ఈ లెక్క. జరగగల కీడును ముందే ఊహించి, దానికి అంకె కట్టి, ఆ అంకెకు పైన మనిషిని నిలబెట్టడం.

ఈ లెక్క గురించి ఒక అపోహ ఉంది. నూరేళ్ళ అల అంటే ఒకసారి వస్తే ఇంకో నూరేళ్ళు రాదని కాదు. ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని అర్థం. ముప్ఫై ఏళ్ళు పనిచేసే ప్లాట్‌ఫారం తన జీవితకాలంలో దాన్ని చూసే అవకాశం నూటికి 26. దానికే అన్ని కోట్లు పోసి కాళ్ళు ఎత్తుతారు. మరి ఒడ్డున పుట్టి ఒడ్డునే డెబ్బై ఏళ్ళు బతికే మనిషి సంగతి? లెక్క కడితే యాభై దాటుతుంది. సగానికి సగం. ప్లాట్‌ఫారం కన్నా మనిషే సముద్రం పక్కన ఎక్కువకాలం ఉంటాడు. అయినా మనిషి కోసం ఈ లెక్క ఎవరూ వేయలేదు. ఎందుకు వేయలేదన్నదే నన్ను వదలని ప్రశ్న.

కృష్ణా ముఖద్వారాల దగ్గర ఈ ప్రశ్నకు సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును ముంచేసింది. సుమారు ముప్ఫై వేలమంది పోయారు. 113 ఏళ్ళకు, 1977 నవంబరు 19 శనివారం నాడు, అదే సముద్రం దివిసీమ మీదికి వచ్చింది. అయిదారు మీటర్ల ఎత్తున నీరు లేచి మైళ్ళకొద్దీ లోపలికి చొచ్చుకొచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి. అధికారులు చెప్పిన లెక్కే పదివేల దాకా ఉంది. ఊళ్ళవాళ్ళు చెప్పే లెక్క అంతకన్నా చాలా ఎక్కువ. నూరేళ్ళ అల ఎంత ఉంటుందో ఈ తీరానికి రాతపూర్వకంగా తెలుసు. దొరల రికార్డుల్లో ఉంది, జిల్లా గ్రంథాల్లో ఉంది. ఆ అంకెను తీసి ఇంటి గడప ఎంత ఎత్తు పెట్టాలన్న ప్రశ్న పక్కన ఎవరూ పెట్టలేదు.

అప్పటికి మన దేశానికి ఆ విద్య రాదా అంటే వచ్చు. 1974 ఫిబ్రవరిలో సాగర్ సామ్రాట్ అనే రిగ్గు బాంబే హై దగ్గర చమురు కనుక్కుంది. 1976లో ఉత్పత్తి కూడా మొదలైంది. అంటే దివిసీమలో తాటాకు కప్పుల కింద మనుషులు కొట్టుకుపోయిన ఏడాదికి, అరేబియా సముద్రంలో మన ప్లాట్‌ఫారాలు అలల లెక్క కట్టుకుని నిలబడే ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది, 1978లో, ఓఎన్‌జీసీ కృష్ణా గోదావరి బేసిన్‌లో తన మొదటి బావిని నరసాపురం దగ్గర తవ్వింది. ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే మనసు ఊరుకోదు. చమురు మీద పగ పట్టి అంటున్న మాట కాదిది. ఆ గ్యాస్‌తోనే వంటలు వండుకుంటున్నాం, ఆ యూరియాతోనే డెల్టా పండుతోంది. చమురుకు దొరికిన ముందుచూపు మనిషికి ఎందుకు దొరకలేదని మాత్రం అడగాలి.

ఉప్పెన తర్వాత చాలామంది దాన్ని ఖర్మ అన్నారు, దేవుడి కోపం అన్నారు. ఆ మాటలు అన్నవాళ్ళను తప్పుపట్టలేను. అంత దుఃఖాన్ని మోయడానికి ఏదో ఒక ఊతం కావాలి. కానీ ఇది గుడివాడ పక్కన అంగలూరులో పుట్టిన హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి నేల. ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా నేల. విధి అనే మాట వినబడగానే ఎదురు ప్రశ్న వేయడం ఈ జిల్లాకు అలవాటే. తుపాను ప్రకృతి, సరే. నీరు లేవడం ప్రకృతి, అదీ సరే. ఆ నీటికి పైన నిలబడే చోటు ఒక్కటీ లేకపోవడం కూడా ప్రకృతేనా? ప్లాట్‌ఫారం కట్టే ఇంజినీరు తన డెక్కు ఎత్తును ఏ విధికీ వదలడు.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. బందరులో తుపాన్లను కనిపెట్టే రాడారు వచ్చింది. తీరం పొడుగునా తుపాను షెల్టర్లు లేచాయి. 1990 మే నెలలో మళ్ళీ పెద్ద తుపాను కృష్ణా ముఖద్వారాల దగ్గరే తీరం దాటింది. ఈసారి ఆరు లక్షలకు పైగా మనుషుల్ని ముందే తరలించారు. అయినా 960 మందికి పైగా పోయారు. చిన్న సంఖ్య కాదు, కానీ 1977 పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. స్తంభాల మీద లేపిన షెల్టరును ఎప్పుడైనా కింద నిలబడి చూడండి. కింది భాగం ఖాళీ. గోడ ఉండదు, తలుపు ఉండదు, లావుపాటి కాంక్రీటు కాళ్ళు తప్ప ఏమీ ఉండవు. మామూలు రోజుల్లో అక్కడ మేకలు కట్టేస్తారు, వలలు ఆరేస్తారు. పైకి వెళ్ళడానికి వెడల్పాటి మెట్లో వాలుదారో ఉంటుంది, ముసలివాళ్ళను మంచంతో సహా ఎక్కించడానికి వీలుగా. ఆ కట్టడం చూసినప్పుడల్లా ఇది ఒడ్డుకొచ్చిన ప్లాట్‌ఫారమే అనిపిస్తుంది నాకు. నీటిని అడ్డుకోకు, కాళ్ళ మధ్యనుంచి పోనివ్వు, మనిషిని పైన ఉంచు. సూత్రం అదే. అంటే ఆ విద్య బదిలీ అవుతుంది. చమురు కోసం పుట్టిన ఆలోచన చమురుకే కట్టుబడి ఉండనక్కర్లేదు. కానీ షెల్టరు కట్టి వదిలేస్తే సరిపోదు. ప్లాట్‌ఫారానికి ఏటా తుప్పు పరీక్షలు ఉంటాయి, డైవర్లు దిగి వెల్డింగులు చూస్తారు. తీరంలో ఎన్నో పాత షెల్టర్ల కాంక్రీటు ఉప్పుగాలికి రాలి లోపలి ఊచలు కనబడుతున్నాయి. అక్కడికి పరీక్ష చేయడానికి ఎవరు వస్తున్నారు?

అల పైనుంచి వచ్చే భయం. చమురు తవ్వేవాడికి కిందినుంచి వచ్చే భయం ఇంకోటి ఉంది. వేల మీటర్ల లోతున రాతి రంధ్రాల్లో ఇరుక్కున్న గ్యాస్ విపరీతమైన ఒత్తిడిలో ఉంటుంది. బావి దానికి దారి చూపిస్తుంది. ఆ ఒత్తిడికి ఎదురు బరువు వేయడానికి బావి నిండా డ్రిల్లింగ్ మడ్ నింపుతారు. నీళ్ళు, బెంటొనైటు బంకమన్ను, బరువు కోసం ముగ్గురాయి పొడి. ఈ ముగ్గురాయి ఎక్కడిదో చెబితే తెలుగువాళ్ళకు ఆశ్చర్యం వేస్తుంది. ఒకేచోట ఉన్న నిక్షేపాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని పేరుపడ్డ గని మన రాయలసీమలోనే, ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉంది. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువుండే ఆ రాయిని పొడి చేసి దేశదేశాల చమురు బావుల్లోకి పంపిస్తున్నారు. మంగంపేట కూలీ ఎత్తిన రాయి ఎక్కడో పరాయి సముద్రంలో ఒక రిగ్గు పేలకుండా పట్టి ఉంచుతుంది.

రిగ్గు మీద మడ్ చూసే మనిషి పని దగ్గరనుంచి చూడదగ్గది. చేతిలో ఒక చిన్న త్రాసు. ఒక కొసన మూతపెట్టిన గిన్నె, ఇంకో కొసన జరిగే తూకపు దిమ్మ. గిన్నె నిండా మడ్ పోసి, మూత కన్నంలోంచి పొంగిన చుక్కను తుడిచి, దిమ్మను జరిపి బుడగ మధ్యకు తెస్తాడు. తర్వాత ఒక గరాటాలో మడ్ పోసి, కింద వేలు తీసి, నిర్ణీత కొలత దిగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తాడు. మంచినీళ్ళైతే 26 సెకన్లు. మడ్ చిక్కన ఎంతో ఆ సెకన్లే చెబుతాయి. ఇన్ని కోట్ల యంత్రాల మధ్య, ఒక ఊరి భద్రత ఆ గరాటా కిందా ఆ త్రాసు మీదా ఆధారపడి ఉంటుంది. గుంతలో మడ్ మట్టం కారణం లేకుండా పెరిగితే కిందినుంచి ఏదో తోసుకొస్తోందని అర్థం. అప్పుడు పనికొచ్చేది బ్లోఅవుట్ ప్రివెంటర్. 1922లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జేమ్స్ అబెర్‌క్రోంబీ, హ్యారీ కామెరాన్ అనే ఇద్దరు తయారుచేసిన పరికరం. రెండు ఉక్కు దిమ్మలు రెండువైపులనుంచి వచ్చి పైపును బిగించి బావి గొంతు నొక్కేస్తాయి. అంతకుముందు బావి ఎగజిమ్మడమంటే చమురు దొరికిందని సంబరం. ఆ సంబరంలో ఎందరు కాలిపోయారో లెక్కపెట్టడానికి ఇష్టపడని కాలమది.

దిమ్మలు ఎప్పుడూ బిగుస్తాయని నమ్మకం లేదు. కోనసీమలో పాసర్లపూడి బావి 1995 జనవరి 8న అంటుకుని 65 రోజులు మండింది. రాత్రిళ్ళు చుట్టుపక్కల ఊళ్ళకు చీకటే లేకుండా పోయింది. 2010 ఏప్రిల్‌లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ మీద 11 మంది చనిపోయారు. ఒత్తిడికి పైపు వంగి పక్కకు జరగడంతో కత్తెర దిమ్మలు దాన్ని పూర్తిగా కోయలేకపోయాయి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మన బాంబే హైలో 2005 జూలై 27న జరిగిన ప్రమాదం. సముద్ర సురక్ష అనే సహాయక ఓడలో వంటమనిషి చేతివేళ్ళు తెగాయి. వానాకాలం, వాతావరణం బాగోలేక హెలికాప్టరు రాలేదు. ఎలాగైనా అతన్ని ఆసుపత్రికి చేర్చాలని ఓడను ప్లాట్‌ఫారం దగ్గరికి తెచ్చారు. క్రేనుకు కట్టిన బుట్టలో అతన్ని పైకి చేర్చారు. తర్వాత ఓడ అల మీద లేచి గ్యాస్ పైపులను తాకింది. గ్యాస్ అంటుకుని ప్లాట్‌ఫారం మొత్తం కూలిపోయింది. 22 మంది పోయారు.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఒక వంటమనిషి వేళ్ళ కోసం అంత పెద్ద ఓడను కదిలించినవాళ్ళది తప్పా? నేను అలా అనలేను. వేళ్ళేగా, ఓర్చుకో అనే లోకంకన్నా, వేళ్ళ కోసం పరుగెత్తే లోకమే నాకు కావాలి. లోపం ఆ దయలో లేదు. నూరేళ్ళ అలకు లెక్క కట్టిన బుర్రలు, వానాకాలంలో ఒక వంటవాడి కత్తి జారుతుందన్న రోజువారీ విషయానికి సరైన దారి ఏర్పాటు చేయలేదు. పైపులు ఓడ తగిలే చోట ఉన్నాయి. ఇంజినీరింగులో అందరికన్నా చివర గుర్తొచ్చేవాడు మనిషే. అలసిపోయే మనిషి, కోసుకునే మనిషి, పక్కవాడి మీద జాలిపడే మనిషి. 1988లో ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా మీద 167 మంది చనిపోవడానికి మొదటి కారణం కూడా అంతే మామూలుది. ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వు తీసి ఉందన్న కబురు షిఫ్టు మారినప్పుడు అవతలివాళ్ళకు అందలేదు.

ఇలాంటి చావులే ఆ రంగానికి ఇంకో పాఠం నేర్పాయి. గుడివాడ వైపు కుర్రాడొకడు గల్ఫ్‌లో రిగ్గు మీద పనిచేస్తాడు. నాలుగు వారాలు అక్కడ, నాలుగు వారాలు ఇంట్లో. మాటల్లో ఒకసారి చెప్పాడు: "బాబాయ్, మా దగ్గర క్యాంటీన్‌లో పళ్ళాలు కడిగేవాడైనా సరే, ఏదన్నా తేడాగా కనబడితే ‘ఆపండి’ అనొచ్చు. మేనేజరైనా ఆపాల్సిందే. ఆపినందుకు ఒక్క మాట అనకూడదు, అది రూలు." రూలు ఉన్నంత మాత్రాన అన్నిచోట్లా అమలవుతుందని కాదు. కానీ ఆ ఆలోచన ఎంత ఎత్తుదో చూడండి. ప్రమాదాన్ని కళ్ళతో చూసినవాడికి ఆపే హక్కు ఉంది. వాడి జీతం ఎంత, చదువెంత అని అడగరు.

ఆ హక్కు ప్లాట్‌ఫారం డెక్కు మీద ఉంటే, ఒడ్డున ఎందుకు ఉండకూడదు? 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా కాలిపోయారు. గ్యాస్ లీకవుతోందని తాము ముందే చెప్పామని ఊరివాళ్ళు అప్పట్లో పత్రికలవాళ్ళ ముందు వాపోయారు. వాళ్ళు కూడా ప్రమాదాన్ని చూసినవాళ్ళే. వాళ్ళ నోట ‘ఆపండి’ అన్నమాటకు ఏ రూలూ లేదు. చట్టం ప్రకారం ఊరికి నోరు తెరిచే అవకాశం ఉన్నది ప్రజాభిప్రాయ సేకరణలో. 2020 జనవరిలో కేంద్రం చమురు, గ్యాస్ అన్వేషణను వేరే తరగతిలోకి మార్చింది. ఆ తరగతికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఉత్పత్తి దశకు మాత్రం పాత నియమం ఉంది. అంటే మొదటి బావి తవ్వేటప్పుడు ఊరిని అడగరు. చమురు పడ్డాక అడుగుతారు. అప్పటికి పెట్టుబడి పెట్టేసి ఉంటారు. ఆపమనడానికి మిగిలేది ఏముంటుంది?

సముద్రంలోనూ ఇదే చిక్కు. ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్ల దాకా రక్షణ వలయం పెట్టుకోవచ్చని అంతర్జాతీయ సముద్ర చట్టం ఒప్పుకుంది. అది సమంజసమే, వల పైపుకు తగులుకుంటే పడవకూ ప్రమాదం. కానీ ఉక్కు కాళ్ళకు నాచు, గుల్లలు పట్టి చేపలు చేరేది అక్కడే. గిలకలదిండినుంచి వేటకెళ్ళే బోటువాడికి ఆ వలయం బయట మిగిలిన సముద్రం రోజురోజుకూ చిన్నదవుతోంది. ఆ గీత గీసేటప్పుడు అతను ఆ బల్ల దగ్గర లేడు.

దివిసీమ ఇప్పుడు చమురు మ్యాపు మీద ఉంది. నాగాయలంక దగ్గర ఓఎన్‌జీసీ, కెయిర్న్ ఉమ్మడి బ్లాకులో తవ్విన బావుల్లో చమురు, గ్యాస్ బయటపడ్డాయి. గుడివాడ దాటి కైకలూరు వైపు లింగాలలో చమురు బావులు చాలాకాలంగా ఉన్నాయి. సముద్రంలో ఇంకా ముందుకెళితే, 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే పరిశోధన ఓడ ఈ బేసిన్‌లో ఒకచోట 128 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ పొరను కనుక్కుంది. మంచులో చిక్కుకున్న మీథేను అది. దాన్ని తీసే విద్య ఇంకా పరిశోధనలోనే ఉంది. రేపు వస్తుంది. అప్పుడు సముద్రపు అడుగు జారితే ఏమవుతుందన్న లెక్క ఓడలోవాళ్ళు తప్పకుండా వేసుకుంటారు. నాగాయలంకకు కూడా వేస్తారా? ఒకపక్క పైన కట్టిన ఆనకట్టలు మట్టిని పట్టేసుకోగా, సముద్రానికి చేరే ఒండ్రు తగ్గి డెల్టా అంచు కోసుకుపోతోంది. నేల కుంగుతోందేమో, దానిలో గ్యాస్ తీయడం పాత్ర ఎంత అన్నది ఊళ్ళో మామూలు మాటైపోయింది. కొలిచి అంకె చెప్పాల్సింది ఊరివాళ్ళు కాదు. ఆ కొలతలు తీసుకునే పరికరాలు ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్ళు.

ఇక బావి అయిపోయిన రోజు సంగతి. లోపల సిమెంటు పోస్తారు, పైన ఉక్కు గొట్టం నేలమట్టానికి కింద కోసి మూత వెల్డింగు చేస్తారు, మట్టి కప్పుతారు. రిగ్గు లారీల మీద వెళ్ళిపోతుంది. పొలం మళ్ళీ దున్నుతారు. సిమెంటు ఎన్నాళ్ళు పట్టి ఉంటుంది? ఉప్పునీరు తగిలే నేలలో ఉక్కు ఎన్నాళ్ళు ఉంటుంది? ఆ పొలం చేతులు మారుతుంది, కౌలుకు పోతుంది, రేపొకరోజు అక్కడ చేపల చెరువు తవ్వుతారు. బుడగలు వస్తే ఆ రైతు ఎవరికి ఫోను చేయాలి? బావి ఎక్కడుందో, ఎంత లోతో, సిమెంటు ఎక్కడినుంచి ఎక్కడిదాకా పోశారో, ఏ తేదీన మూశారో, చివరిసారి పరీక్షించింది ఎప్పుడో తెలుగులో రాసిన రిజిస్టరు ఒకటి పంచాయతీ ఆఫీసులో ఉండాలి. సర్వే నంబరుతో సహా, వీఆర్వో సంతకంతో. పక్కనే ఆ ఊరి నేల సముద్రమట్టానికి ఎంత ఎత్తో, 1977లో నీరు ఎంతదాకా వచ్చిందో కూడా రాసి పెట్టాలి. ఈ అంకెలన్నీ ఎవరో ఒకరి కంప్యూటరులో ఇప్పటికే ఉన్నాయి.